ఓడ యజమాని డబ్బిచ్చి పెట్టుకున్న కాపలా

2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి రెండు గట్ల మధ్య ఇరుక్కుపోయింది. ఓడ పక్కన అంత దూరం నుంచీ కనిపించేలా ఎవర్‌గ్రీన్ అని రాసి ఉంది కాబట్టి తిట్లన్నీ ఆ తైవాన్ కంపెనీకే పడ్డాయి. నిజానికి ఓడ వాళ్లది కాదు, అద్దెకు తీసుకున్నారంతే. సొంతదారు షోయీ కిసెన్ అనే జపాన్ కంపెనీ. జెండా పనామాది, అంటే ఓడ రిజిస్టరైంది అక్కడ. సిబ్బంది 25 మందీ భారతీయులు. వాళ్లను ఓడెక్కించి, ఓడ బాగోగులు రోజూ చూసేది బెర్న్‌హార్డ్ షుల్టే షిప్‌మేనేజ్‌మెంట్ అనే మరో కంపెనీ. ఓడ దిట్టంగా ఉందని కాగితం ఇచ్చింది అమెరికన్ బ్యూరో ఆఫ్ షిప్పింగ్. ఓడ వల్ల బయటివాళ్లకు నష్టం జరిగితే ముందుకు రావాల్సింది యూకే క్లబ్ అనే బీమా సంఘం. ఇరుక్కున్న ఓడను బయటికి లాగడానికి పిలిచింది స్మిట్ అనే డచ్ సంస్థను.

మరి యజమాని చేసేదేమిటి? ఓడ కట్టించడానికి డబ్బు పెట్టడం, అప్పు తేవడం, ఎవరికి అద్దెకివ్వాలో తేల్చుకోవడం, మంచి ధర వస్తే అమ్మేయడం. మిగతాదంతా కొనుక్కునే సేవలే. ఓడ యజమాని అనగానే కళ్ల ముందుకొచ్చే పెద్ద ఆఫీసు, పటాలు వేలాడే గోడలు చాలాసార్లు ఉండనే ఉండవు. ఒక్కో ఓడకు ఒక్కో కంపెనీ పెడతారు, దానికి ఆస్తి అంటూ ఉంటే ఆ ఓడ ఒక్కటే, చిరునామా ఏ మార్షల్ దీవుల్లోనో లైబీరియాలోనో ఉంటుంది. ఒక ఓడ మీద పడ్డ అప్పు రెండో ఓడకు అంటకుండా ఉండాలన్నదే ఇందులో కిటుకు.

ఇలాంటి కాగితపు యజమానికి అండగా నిలిచే సంస్థల సంగతి విన్నప్పుడు ఇవన్నీ ఏదో హెల్ప్‌లైన్ల లాంటివనిపిస్తుంది. అది సగం నిజం. అతనికి సాయం చేసేదీ వీళ్లే, అతని కాలర్ పట్టుకునేదీ వీళ్లే. సముద్రం మీద పోలీసు స్టేషన్ ఉండదు కదా, ఆ పని కూడా చాలామటుకు యజమాని డబ్బుతో బతికే ఈ సంస్థల మీదే పడింది.

ముందు మేనేజర్. మేనేజ్‌మెంట్ కంపెనీలో ఒక్కో సూపరింటెండెంట్ చేతిలో నాలుగైదు ఓడలుంటాయి, ఎక్కువగా ఒకప్పుడు చీఫ్ ఇంజనీరుగా చేసి ఒడ్డుకొచ్చినవాళ్లే ఈ పనిలో ఉంటారు. అర్ధరాత్రి ఏ మహాసముద్రం మధ్య నుంచో జనరేటర్ ఆగిపోయిందని ఫోనొస్తే ఎత్తేది ఆయనే. విడిభాగం తర్వాతి రేవుకు చేరేలా చూడటం, ఓడను నీళ్లలోంచి తీసి బాగుచేసే డ్రైడాక్ ఖర్చు లెక్క కట్టడం, ఆ ఖర్చు ఎందుకు పెరిగిందో యజమానికి నచ్చజెప్పడం కూడా ఆయన నెత్తిమీదే. ఈ ఏర్పాటుకు చాలామంది వాడే ఒప్పందం పేరు షిప్‌మ్యాన్, దాన్ని తయారుచేసింది ఓడ యజమానుల సంఘమైన బిమ్కో.

ఈ మేనేజర్ పదవికి అసలు బరువు వచ్చింది ఒక ప్రమాదం తర్వాత. 1987 మార్చిలో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బెల్జియం రేవు దాటి, నీళ్లు లోపలికి కొట్టి బోల్తా పడింది. 193 మంది చనిపోయారు. తలుపు మూయాల్సిన మనిషి నిద్రపోయాడన్నది ఒక కారణమే, తలుపు మూశారో లేదో కెప్టెన్‌కు కనిపించేలా ఒక లైటు పెట్టమని అంతకుముందే కొందరు అడిగినా ఒడ్డు మీది ఆఫీసు పట్టించుకోలేదన్నది అంతకంటే పెద్ద కారణం. అందుకే 1998 నుంచి అమల్లోకొచ్చిన ఐఎస్ఎం కోడ్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా నియమాల్లో డెజిగ్నేటెడ్ పర్సన్ అని ఒకరిని పెట్టారు. ఓడ మీద ఏం తేడా ఉన్నా నేరుగా ఆయనకు చెప్పుకోవచ్చు, ఆయన నేరుగా కంపెనీ పైవాళ్ల దగ్గరికి వెళ్లగలగాలి. కొన్నిచోట్ల ఈ పదవి గోడ మీద ఫొటో, కింద ఫోన్ నంబరు దగ్గరే ఆగిపోతుంది, అది వేరే సంగతి.

ఇక అసలు కథ పీ అండ్ ఐ క్లబ్బులది. ఓడకు దెబ్బ తగిలితే కట్టే బీమా వేరు, దాన్ని హల్ అండ్ మెషినరీ అంటారు, మామూలు బీమా కంపెనీల దగ్గరే దొరుకుతుంది. ఓడ వల్ల ఇతరులకు జరిగే నష్టం మాటేమిటి? 19వ శతాబ్దంలో ఇంగ్లీషు బీమాదారులు ఓడ ఓడను గుద్దితే అవతలి ఓడ నష్టంలో నాలుగింట మూడు వంతులే కడతామన్నారు, నాలుగో వంతు యజమాని నెత్తినే ఉంచారు, అప్పుడైతేనే జాగ్రత్తగా నడుపుతాడని. పైగా చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలనే చట్టాలు అప్పుడే వస్తున్నాయి. దీంతో యజమానులే కొందరు కలిసి 1855లో ఒక పరస్పర సంఘం పెట్టుకున్నారు, ఇప్పటి బ్రిటానియా క్లబ్ మూలం అదే. 1870లో వెస్టన్‌హోప్ అనే ఓడ సరుకును దించాల్సిన రేవు దాటించి తీసుకెళ్లి తర్వాత మునిగింది, దారి తప్పినందుకు సరుకు విలువంతా యజమానే కట్టాల్సొచ్చింది. ఆ తర్వాత సరుకు నష్టాలకు ఇండెమ్నిటీ అనే రెండో రకం రక్షణ కూడా చేరింది. పేరులో పీ ప్రొటెక్షన్‌ది, ఐ ఇండెమ్నిటీది.

క్లబ్ అంటే ఇక్కడ లాభం కోసం నడిచే కంపెనీ కాదు, సభ్యులైన యజమానులే దాని సొంతదారులు. ప్రీమియం అనరు, కాల్ అంటారు. ఏడాది మొదట్లో ఒక కాల్ కట్టాలి. ఆ ఏడు క్లెయిములు ఎక్కువొచ్చి డబ్బు చాలకపోతే మళ్లీ అదనపు కాల్ వేస్తారు. 2008 ఆర్థిక సంక్షోభంలో పెట్టుబడులు దెబ్బతిన్నప్పుడు కొన్ని క్లబ్బులు ఇలాగే సభ్యుల దగ్గర మళ్లీ వసూలు చేశాయి, చాలామంది మండిపడ్డారు. ఈ క్లబ్ వద్దు, పక్క క్లబ్‌కు పోతానంటే పోనిస్తారు గానీ, ఆ పాత సంవత్సరాల ఖాతా ఇంకా మూయలేదు కాబట్టి రిలీజ్ కాల్ కట్టి పొమ్మంటారు. ఇంకో విడ్డూరం, వీళ్ల బీమా సంవత్సరం జనవరిలోనో ఏప్రిల్‌లోనో కాదు, ఫిబ్రవరి 20 మధ్యాహ్నం మొదలవుతుంది. బాల్టిక్ సముద్రంలో మంచు కరిగి ఓడలు బయల్దేరే కాలం నాటి లెక్క అని చెబుతారు.

పోటీదారులు ఒకరి నష్టం ఒకరు పంచుకోవడం అనే ఈ పద్ధతి క్లబ్ దగ్గరే ఆగదు. 12 పెద్ద క్లబ్బులు కలిసి ఇంటర్నేషనల్ గ్రూప్ అని పెట్టుకున్నాయి, ప్రపంచ సముద్ర రవాణా ఓడల్లో టన్నుల లెక్కన సుమారు 90 శాతం వీటి కిందే ఉన్నాయి. 2024 మార్చి 26న డాలీ అనే ఓడ కరెంటు పోయి అదుపు తప్పి బాల్టిమోర్‌లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను గుద్దింది, వంతెన కూలి దాని మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ ఓడ ఉన్నది బ్రిటానియా క్లబ్‌లోనే. ఇలాంటప్పుడు మొదటి కోటి డాలర్లు ఆ ఒక్క క్లబ్ భరిస్తుంది. అక్కడి నుంచి 10 కోట్ల డాలర్ల దాకా 12 క్లబ్బులూ పంచుకుంటాయి. ఆ పైన సుమారు 310 కోట్ల డాలర్ల వరకు అందరూ కలిసి కొన్న రీఇన్సూరెన్స్, అంటే బీమా ఇచ్చేవాళ్లు తమకోసం తీసుకునే బీమా, ఉంటుంది. అంటే బాల్టిమోర్ వంతెన ఖర్చులో కొంత, దానితో ఏ సంబంధమూ లేని ఎక్కడో ఉన్న యజమాని తర్వాతి ఏడాది కాల్‌లో కూడా కలిసి వస్తుంది. అందుకే క్లబ్‌లో చేరేటప్పుడు కొత్త ఓడను పాత సభ్యులు అంత అనుమానంగా చూస్తారు. పక్కవాడి ఓడ చెడ్డదైతే చిల్లు పడేది తమ జేబుకే మరి.

క్లబ్ సాయం ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే ఒక మామూలు రేవు గొడవ చాలు. గోధుమలు దించుతుంటే ఒక హోల్డులో, అంటే సరుకు గదిలో, అడుగున రెండు వందల టన్నులు తడిసి, బూజుపట్టి కనిపించాయి. కొనుగోలుదారు లాయరు మధ్యాహ్నానికే కోర్టుకెళ్లి ఓడను అరెస్టు చేయిస్తాడు. అరెస్టంటే నిజంగానే అరెస్టు, ఆర్డరు కాపీ ఓడను నడిపే గదిలో అతికించి పోతారు, ఓడ కదలడానికి వీల్లేదు. ఓడ ఆగిన ప్రతి రోజూ వేల డాలర్ల అద్దె పోతుంది. కెప్టెన్ చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది, ప్రపంచంలోని దాదాపు ప్రతి పెద్ద రేవులో క్లబ్ తరఫున ఉండే కరస్పాండెంట్ల పేర్లు, నంబర్లు అందులో ఉంటాయి. ఫోన్ చేస్తే ఆయన సర్వేయర్‌ను వెంటబెట్టుకుని వస్తాడు. సర్వేయర్ హాచ్ కవర్, అంటే సరుకు గది మూత, రబ్బరు చూస్తాడు, సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి తడి సముద్రపు ఉప్పునీళ్లదా, వాననీళ్లదా తేలుస్తాడు. ఉప్పునీళ్లయితే నీళ్లు ఓడ మూతల్లోంచే కారాయని అనుమానం, వాననీళ్లయితే వర్షంలో హాచ్ తెరిచి సరుకు ఎక్కించినవాళ్ల మీదికి వేలు మళ్లుతుంది. ఈలోగా క్లబ్ నుంచి ఒకటి రెండు పేజీల ఉత్తరం వస్తుంది, లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అంటారు దాన్ని. సారాంశం ఇంతే: ఓడను వదలండి, కోర్టు తేల్చిన సొమ్ము ఇన్ని డాలర్లకు మించకుండా మేం కడతాం. నగదు లేదు, బ్యాంకు గ్యారంటీ లేదు, ఒక్క సంతకం. చాలా దేశాల్లో ఆ సంతకం చూసి లాయరు ఒప్పుకుంటాడు, సాయంత్రానికి ఓడ బయల్దేరుతుంది. యజమానికి క్లబ్ ఇచ్చే అతి విలువైన వస్తువు డబ్బు కాదు, ఆ సంతకానికున్న పరపతి.

ఇందులో మెలికలూ ఉన్నాయి. ముందు సభ్యుడు తన జేబులోంచి కట్టాలి, ఆ తర్వాతే క్లబ్ అతనికి తిరిగిస్తుంది అన్నది పాత నిబంధన. యజమాని దివాలా తీసి కట్టలేకపోతే నష్టపోయినవాడికి క్లబ్ నుంచి కూడా ఏమీ రాదు, 1990లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఈ నిబంధన చెల్లుతుందనే తేల్చింది. చదివితే అన్యాయంగానే ఉంటుంది. చమురు కాలుష్యం, శకలాల తొలగింపు, సిబ్బంది జీతాల లాంటి వాటికి అంతర్జాతీయ ఒప్పందాలు వచ్చాక వాటిలో మాత్రం క్లబ్ తప్పించుకునే దారులు మూసుకుపోయాయి, నష్టపోయినవాళ్లు క్లబ్‌ను నేరుగా అడగొచ్చు.

ఎవర్ గివెన్ ఆరు రోజులకు, మార్చి 29న, కదిలింది గానీ బయటపడలేదు. కాలువ అధికారులు 91.6 కోట్ల డాలర్లు కట్టమన్నారు, అందులో 30 కోట్లు పరువు నష్టానికి. కాలువ దారిలోని గ్రేట్ బిట్టర్ లేక్‌లో సిబ్బంది, సరుకుతో సహా ఓడ అలాగే లంగరేసి ఉండిపోయింది. అడిగిన మొత్తం తర్వాత 55 కోట్లకు తగ్గింది, యూకే క్లబ్ బేరమాడి ఎంతకో తెలియని ఒప్పందం కుదుర్చుకున్నాక జులై 7న ఓడను వదిలారు. ఈలోగా యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు, అంటే ఓడను, సరుకును కాపాడటానికి అయిన ఖర్చులో సరుకుదారులందరికీ వాటా పడుతుందని. 18 వేలకు పైగా కంటైనర్లు, కొన్ని కంటైనర్లలో ఎందరో సరుకుదారులు. ఆ వాటాలు లెక్కగట్టే పని ప్రత్యేకంగా యావరేజ్ అడ్జస్టర్లు అనే నిపుణులదే, అలాంటి లెక్క తేలడానికి ఏళ్లు పడుతుంది.

క్లబ్ కంటే ముందు ఓడను చూసేది క్లాస్, అంటే వర్గీకరణ సంస్థ. దీని పుట్టుక లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హోటల్ దగ్గర. ఓడల మీద పందెం కాసినట్టు బీమా రాసే వ్యాపారులు అక్కడ చేరేవారు, ఏ ఓడ ఎంత గట్టిదో తెలియక డబ్బు పోగొట్టుకునేవారు. అందుకని 1760లో ఓడల రిజిస్టరు కోసం ఒక సంఘం పెట్టారు. ఓడ శరీరానికి ఏ, ఈ, ఐ, ఓ, యూ అక్షరాలు, లంగరు, తాళ్ల లాంటి సామానుకు వేరే గుర్తులు. తర్వాత సామానుకు అంకెలు వచ్చాయి. అన్నిటికంటే మంచి ఓడ ఏ1, ఇంగ్లీషులో ఆ మాట అలాగే స్థిరపడిపోయింది. ఫ్రెంచివారి బ్యూరో వెరిటాస్ 1828లో, నార్వే డీఎన్‌వీ 1864లో, జపాన్ క్లాస్‌ఎన్‌కే 1899లో వచ్చాయి. పెద్ద సంస్థలన్నీ 1968లో ఐఏసీఎస్ అనే కూటమిగా ఏర్పడ్డాయి.

క్లాస్ సర్వేయరు పని చూడటానికి బోరుగానే ఉంటుంది. అయిదేళ్లకో పెద్ద సర్వే, మధ్యలో ఒకటి, ఏడాదికో చిన్నది. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బాలాస్టు ట్యాంకులోకి టార్చితో దిగి, తుప్పు పట్టిన రేకు మీద చిన్న ప్రోబు ఆనించి, అల్ట్రాసౌండుతో మందం చూస్తారు. 16 మిల్లీమీటర్లుగా వేసిన రేకు 12కు దిగితే రేకు మార్చమంటారు, లేదా కండిషన్ ఆఫ్ క్లాస్ రాసి ఫలానా తేదీలోగా బాగుచేయమంటారు. ఆ తేదీ దాటితే క్లాస్ పోతుంది. క్లాస్ పోతే బీమా పోతుంది. బీమా పోతే బ్యాంకు అప్పు షరతులు తప్పినట్టే. జెండా దేశం కూడా సర్టిఫికెట్లు ఆపేస్తుంది, ఎందుకంటే పనామా, లైబీరియా, మార్షల్ దీవులు ఓడల తనిఖీని చాలామటుకు ఈ క్లాస్ సంస్థలకే అప్పగించాయి. సంగతి ఏమిటంటే లైబీరియా, మార్షల్ దీవుల ఓడల రిజిస్ట్రీలు రెండూ నడిచేది అమెరికాలోని వర్జీనియా నుంచి. జెండా దేశం అనే మాటలో దేశం ఎంతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మరి తనిఖీ చేసేవాడికి ఫీజిచ్చేది తనిఖీకి గురయ్యేవాడే. 1999 డిసెంబరులో ఎరికా అనే పాతికేళ్ల చమురు ట్యాంకరు ఓడ ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో రెండు ముక్కలైంది, దాదాపు 20 వేల టన్నుల చమురు సముద్రం పాలైంది. ఆ ఓడకు క్లాస్ ఇచ్చింది ఇటలీకి చెందిన రీనా. ఓడ తుప్పుపట్టిపోయిందని తెలిసీ సర్టిఫికెట్ ఎలా ఇచ్చారన్న ప్రశ్న మీద ఏళ్లపాటు కేసు నడిచి, 2012లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం యజమానితోపాటు రీనాను కూడా బాధ్యురాలిని చేసింది. క్లాస్ సంస్థలకు అది పెద్ద షాక్. ఒక సంస్థ గట్టిగా అడిగితే ఇంకో సంస్థకు మారిపోయే అలవాటుకు కూడా ఐఏసీఎస్ కూటమి పగ్గాలేసింది, ఓడ మారేటప్పుడు పాత సంస్థ తన రికార్డులు, చేయించని మరమ్మతుల జాబితా కొత్త సంస్థకు ఇవ్వాల్సిందే. అయినా ఫీజు ఎవరి దగ్గర్నుంచి వస్తుందన్న అసలు ప్రశ్న అలాగే ఉంది.

యజమానుల సంఘాల సంగతి త్వరగా చెప్పేయొచ్చు. బిమ్కో 1905లో కోపెన్‌హాగెన్‌లో మొదలైంది, మొదట్లో అది కలప రవాణాకు కిరాయి తగ్గకుండా చూసుకునే గుంపు, ఇప్పుడు ప్రామాణిక ఒప్పందాల కార్ఖానా. 1922 నాటి జెన్‌కాన్ అనే చార్టర్ (ఓడ అద్దె) పత్రం సవరణలతో ఇంకా నడుస్తోంది. ట్యాంకరు యజమానులకు ఇంటర్‌టాంకో, ధాన్యం, ఖనిజం లాంటి సరుకు గుట్టగా మోసే బల్క్ ఓడలవాళ్లకు ఇంటర్‌కార్గో, దేశాల సంఘాలన్నిటి తరఫున ఐక్యరాజ్య సమితి సముద్ర రవాణా సంస్థ ఐఎంఓ దగ్గర వాదించడానికి ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ షిప్పింగ్. వీటిలో నిజంగా అపురూపమైనది ఐటాఫ్. 1967లో టోరీ కాన్యన్ అనే ట్యాంకరు చమురు ప్రమాదం తర్వాత పుట్టిన సంస్థ ఇది, ఎక్కడ చమురు ఒలికినా అక్కడికి వెళ్లి ఏ తీరాన్ని ముందు కాపాడాలి, ఏ రసాయనం వాడకూడదు అని సలహా చెబుతుంది. ఖర్చు యజమానులదే, సలహా మాత్రం తీరప్రాంత ప్రభుత్వానికీ అందుతుంది.

రేవు ఏజెంటు గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ రోజువారీగా యజమానికి అక్కరకొచ్చేది ఆయనే. ఓడ ఆగే బెర్తు ఎప్పుడు ఖాళీ అవుతుంది, ఓడను రేవులోకి నడిపించే పైలట్ ఎప్పుడొస్తాడు, పంటినొప్పితో ఉన్న కుక్‌ను ఏ డాక్టరుకు చూపించాలి, అన్నీ ఆయనే. ఓడ రాకముందే ఖర్చుల అంచనా పంపుతాడు, యజమాని ముందే డబ్బు వేస్తాడు. చిక్కేమిటంటే చార్టర్ ఒప్పందం ప్రకారం చాలాసార్లు ఏజెంటును పెట్టేది అద్దెదారు, బిల్లు కట్టేది యజమాని. ఆయన ఎవరి మనిషి అనే అనుమానం వస్తే యజమాని తన కోసం ప్రొటెక్టివ్ ఏజెంటు అని ఇంకొకరిని పెట్టుకుంటాడు, లెక్కలు సరిచూడటానికి.

ఇంధనం పోసేటప్పుడూ అంతే. ఇంధనం తెచ్చే బంకరు బార్జి నుంచి పైపు వేసినంతసేపూ ఒక సన్నని గొట్టం నుంచి బొట్టు బొట్టుగా నమూనా పట్టి, సీసాల్లో పోసి, సీలు వేసి, రెండువైపులా సంతకాలు పెడతారు. ఒక సీసా ల్యాబుకు పోతుంది, ఒకటి కనీసం 12 నెలలు ఓడ మీదే దాచాలి. ఆ ల్యాబు రిపోర్టు రాకముందే ఆ నూనె ఇంజనులోకి పోనిస్తే, చెడ్డదని తర్వాత తెలిసి ఏం లాభం? మంచి చీఫ్ ఇంజనీరు రిపోర్టు వచ్చేదాకా పాత నూనెతోనే లాక్కొస్తాడు.

ఈ గొలుసు బలం చూడాలంటే దీని బయటికెళ్లిన ఓడలను చూడాలి. సిబ్బందిని జీతాలివ్వకుండా వదిలేసిన కేసుల్లో 2017 నుంచి బీమా తప్పనిసరి, నాలుగు నెలల దాకా జీతం, ఇంటికి పంపే ఖర్చు బీమాదారు భరించాలి. అయితే ఓడ మంచి క్లబ్‌లో ఉంటేనే ఆ ఫోను ఎత్తేవాడుంటాడు. 2022 తర్వాత రష్యా చమురు మీద ఆంక్షలు, ధర పరిమితి వచ్చాక వందల పాత ట్యాంకర్లు ఇంటర్నేషనల్ గ్రూప్ నుంచి, పేరున్న క్లాస్ సంస్థల నుంచి బయటపడ్డాయి. నెలకో జెండా మార్చేవి, ఎక్కడున్నదీ చెప్పే ట్రాన్స్‌పాండరు ఆపేసేవి, ఎవరికీ తెలియని కంపెనీ పేరుతో బీమా కాగితం చూపించేవి. కాలర్ పట్టుకునేవాళ్లు లేని యజమానులు వీళ్లు.

అలాంటి ట్యాంకరు ఒకటి ఏ ఇరుకు జలసంధిలోనో పగిలిందనుకుంటే, బీమా కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తరు. తీరం శుభ్రం చేయడానికి ముందు ఆ దేశపు ఖజానా నుంచి డబ్బు తీస్తారు. తర్వాత 1992 నాటి అంతర్జాతీయ చమురు కాలుష్య పరిహార నిధి దగ్గరికి వెళ్తారు. ఆ నిధికి చందా కట్టేది ఓడల యజమానులు కాదు, సభ్య దేశాల్లో సముద్రం మీదుగా చమురు తెప్పించుకునే కంపెనీలు. అవి ఆ ఖర్చును ఎక్కడ కలుపుకుంటాయో పెట్రోలు బంకు దగ్గర ఎవరికీ కనిపించదు.